బడి నాటికలో గండి ఆట: పిల్లల్లో ధైర్యం నిలిచేలా వార్షికోత్సవం చేయించడం ఎలా

స్టేజీ మీద డైలాగు మరిచిపోయిన పిల్ల రెండు క్షణాలు ఆగి, తనంతట తనే అందుకుని పూర్తి చేసిందంటే ఆ నాటిక నెగ్గినట్టే. చప్పట్ల లెక్క తరవాత చూసుకోవచ్చు. చాలా బళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. తప్పు రాకూడదని నెల రోజులు బట్టీ పట్టిస్తారు. ఆ సాయంత్రం ఒక్క మాట జారితే పిల్ల ఏడుస్తూ దిగుతుంది. మళ్ళీ ఏడాది పేరు ఇవ్వమంటే తల అడ్డంగా ఊపుతుంది.

1977లో అల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త "నేను చేయగలను" అన్న నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడడం, నమ్మినవాళ్ళు చెప్పే మాట, ఒంట్లో పుట్టే కంగారుని తను అర్థం చేసుకునే తీరు. అన్నిట్లోకీ మొదటిదే గట్టిదన్నాడు. ఆశ గురించి పరిశోధించిన చార్లెస్ స్నైడర్ దాన్ని ఉత్త కోరికగా చూడలేదు. చేరాల్సిన చోటు తెలియాలి, అక్కడికి దారులు వెతకడం రావాలి, ఆ దారిన నడవగలనన్న పట్టుదల ఉండాలి. ఒక దారి మూసుకుపోతే రెండోది పట్టుకోవడం ఇందులో అసలు పని. రిహార్సల్స్‌లో పిల్లలకి అలవాటు చేయాల్సింది కూడా అదే.

గోదావరి డెల్టా పిల్లలకి దీన్ని వివరించడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. వరద వస్తుందంటే ఏటిగట్టు బలహీనంగా ఉన్నచోట ఇసుక బస్తాలు ముందే పేర్చి ఉంచుతారని వాళ్ళకి తెలుసు. గండి పడ్డాక బస్తాల కోసం పరిగెత్తితే లాభం లేదు. నాటికకీ బస్తాలు ముందే పేర్చుకోవాలి. రిహార్సల్‌లో మనమే కావాలని గండి పెట్టి, దాన్ని పిల్లల చేత పూడ్పించడమే గండి ఆట.

ఎప్పుడు, ఎంతసేపు

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన వారమే మొదలెట్టి, ఫిబ్రవరి ఆఖర్లో ప్రదర్శన పెట్టుకుంటే అయిదు వారాలు దొరుకుతాయి. వారానికి 4 రోజులు, రోజుకి 40 నిమిషాలు, మొత్తం 20 రిహార్సల్స్. అందులో మూడు పోతాయనే లెక్క వేసుకోండి. రాజోలు, నరసాపురం వైపు బళ్ళకి భీష్మ ఏకాదశి అంతర్వేది తీర్థం తగులుతుంది. ద్రాక్షారామం, కోటిపల్లి వైపు శివరాత్రి. ఆ రోజుల్లో సగం మంది రారు, వచ్చినవాళ్ళ మనసు ఇక్కడ ఉండదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి పదో తరగతివాళ్ళని వేషాలకి తీసుకోవద్దు. మైకులో ప్రకటనలు చదివే పని ఇస్తే చాలు.

రిహార్సల్ బడివేళల్లోనే జరగాలి. లంక ఊళ్ళ నుంచి పంటు మీద ఏరు దాటి వచ్చే పిల్లలు, షేర్ ఆటోల్లో వచ్చే ఆడపిల్లలు బడి వదిలాక ఉండలేరు. నాలుగున్నరకి పెట్టారంటే బడి పక్కిళ్ళ పిల్లలే మిగులుతారు. ప్రతి ఏడూ ఆ నలుగురే స్టేజీ మీద కనపడటానికి సగం కారణం ఇదే.

చదువు పాడవుతుందని ఎవరైనా గునిస్తే ఒక మాట చెప్పండి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు నాటకాలు వేయించినప్పుడు వేషాలు కట్టింది ఆయన విద్యార్థులే. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నాం.

ఎవరికి ఏ వేషం

పది నిమిషాల నాటికకి 14 నుంచి 18 మంది సరిపోతారు. అంతకు మించితే 40 నిమిషాల్లో ఒక్కొక్కరి వంతు రాదు.

తెలుగు వాచకం గట్టిగా చదివించి ఎంపిక చేయొద్దు. ఆ పరీక్షలో నెగ్గేది ఇప్పటికే ధైర్యం ఉన్నవాళ్ళు. మొదటి మూడు రోజులు వేషాల ఊసెత్తకుండా ఆటలు ఆడించండి. వరండా ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి రేవులో పడవవాణ్ణి పిలిచినట్టు పేరు పెట్టి పిలవాలి. సంతలో బేరం ఆడాలి. కొబ్బరి దింపు తీసేవాడిలా, నారు కట్టలు విసిరేవాడిలా మాట లేకుండా చేసి చూపించాలి. క్లాసులో నోరు విప్పని పిల్లాడు బేరం దగ్గర రెచ్చిపోవడం అప్పుడు కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ తెరుచుకున్నారో పేరు పక్కన రాసుకోండి. నాలుగో రోజు వేషాలు ఆ కాగితం చూసి ఇవ్వండి.

సిగ్గరి పిల్లకి చెట్టు వేషం ఇచ్చి పాల్గొన్నదనిపించడం పాత అలవాటు. పది నిమిషాలు కొబ్బరిచెట్టులా నిలబడితే వచ్చేది కాళ్ళనొప్పి. ఆ పిల్లకి చిన్నదే అయినా, అది లేకపోతే కథ ఆగిపోయే పని ఇవ్వండి. డప్పు మీద ఒక దెబ్బ వేస్తేనే తరవాతి రంగం మొదలవ్వాలి. "గట్టు తెగిందండోయ్" అన్న ఒక్క కేక ఆ పిల్లే వేయాలి. కథ తన మీద ఆగి ఉందని తెలిసినప్పుడు పిల్లలు రిహార్సల్ ఎగ్గొట్టరు.

నత్తి ఉన్న పిల్లల్లో చాలామందికి పాటలోనూ, నలుగురితో కలిసి ఒకే లయలో పలికేటప్పుడూ మాట తడబడదు. బృందగానంలోనో, జంట డైలాగులోనో చోటివ్వండి. ముందు ఆ పిల్లాణ్ణే అడగండి. ఒంటరిగా ఒక మాట చెప్తానంటే చెప్పనివ్వండి, తడబడితే మధ్యలో ఎవరూ అందించొద్దు. నత్తి పోగొట్టే వైద్యంగా మాత్రం నాటికని అమ్మొద్దు.

ఇంకో సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. నల్లగా ఉన్నవాడికి రాక్షసుడు, లావుగా ఉన్నవాడికి సేటు, కూలివాళ్ళ పిల్లకి పనిమనిషి, ఊళ్ళో పెద్దవారి అమ్మాయికి రాణి. ఎవరూ కావాలని చేయకపోయినా వేషాలు ఇలాగే పంచబడుతుంటాయి. ఆ పేరు ఏడాది పొడుగునా గేలిగా వెంటాడుతుంది. పిల్ల ఇంట్లో అనుభవిస్తున్న కష్టాన్నే స్టేజీ మీద వేషంగా ఇవ్వొద్దు. తాగుబోతు తండ్రి కథ అయితే అలాంటి ఇంటి పిల్ల ఆ రంగంలో ఉందేమో ముందు చూసుకోండి. అనుమానంగా ఉంటే వేషాలు చీటీలు తీసి పంచి, తరవాత ఇద్దరు ముగ్గురిని సర్దండి. రాణి వేషం కూలివాళ్ళ పిల్లకి వచ్చిందంటే చీటీలు మీకంటే బాగా ఎంపిక చేశాయనుకోండి.

కథ

రెడీమేడ్ నాటిక కంటే ఇళ్ళల్లో దొరికే కథ మేలు. 1986 ఆగస్టు గోదారి వరద, 1996 నవంబరు 6 కోనసీమ తుపాను చూసినవాళ్ళు ఇంకా ప్రతి వీధిలోనూ ఉన్నారు. పిల్లలు ఒక్కొక్కరు ఇంట్లో పెద్దవాళ్ళని మూడే ప్రశ్నలు అడిగి రావాలి: ఆ రాత్రి ఎక్కడున్నారు, మొదట ఏం చేశారు, మర్నాడు ఎవరు సాయం వచ్చారు? మూడో ప్రశ్న వదలొద్దు. విపత్తు కథ కూలిపోవడంతో ముగిస్తే పిల్లలు భయాన్ని మోసుకెళ్తారు. పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య పొయ్యి ఎవరు వెలిగించారన్న దగ్గర ముగిస్తే వాళ్ళ చేతికి ఒక దారి దొరుకుతుంది. ఆ తుపానులో మనిషిని పోగొట్టుకున్న ఇల్లయితే ముందు పెద్దవాళ్ళతో మాట్లాడండి. వాళ్ళు వద్దంటే కథ మార్చేయడమే.

తేలిక కథే కావాలంటే లాకుల దగ్గర నీటి వంతు తగాదా, రొయ్యల చెరువు కాపలావాడి దెయ్యం భయం, రథం రోజు తప్పిపోయిన మేకపిల్ల, ఏదైనా పనికొస్తుంది.

రాత కొలతలు ఇవి. పది నిమిషాలకి చేతిరాతలో నాలుగు పేజీలు మించకూడదు. ఒక డైలాగులో 8 మాటలకి మించొద్దు, ఒక పిల్లకి 12 డైలాగులకి మించొద్దు. ప్రతి రెండు నిమిషాలకి ఒకసారి అందరూ కలిసి అనే పల్లవి రావాలి. ఈ పల్లవే మీ ఇసుక బస్తా, కింద మళ్ళీ పనికొస్తుంది. భాష పిల్లలదే ఉంచండి. "ఏటండీ", "ఆయ్", "మరేనండి" అన్నవాటిని దిద్ది పుస్తక భాష చేస్తే నోరు తిరగదు, అర్థం కాని మాట అందరికంటే ముందు మరుపుకొస్తుంది.

సినిమా పాటకి డాన్సులు వద్దని కాదు. కానీ అక్కడ పాట రికార్డుది, అడుగులు నేర్పినవారివి, బట్టలు అద్దెవి. పిల్ల గొంతు ఎక్కడా బయటికి రాదు. అవి రెండుంటే నాటిక ఒకటైనా ఉండాలి.

గండి ఆట

రెండో వారానికి కథ నిలబడుతుంది, మూడో వారానికి ఎవరు ఎక్కడ నిలబడాలో కుదురుతుంది. మరుపు ఎందుకొస్తుందో అప్పుడు గమనించండి. పిల్లలు తమ డైలాగులు మాత్రమే గొలుసులా బట్టీ పడతారు. ఎదుటివాడు ఏమన్నాడో వినరు. ఒక లింకు తెగితే గొలుసంతా జారిపోతుంది. అందుకని ప్రతి పిల్లకీ తన మాటతోపాటు, తన ముందు వచ్చే ఆఖరి మాట నేర్పాలి. కాగితం మీద ఆ మాట కింద ఎర్రగీత గీయించండి. కళ్ళు మూసుకుని వరసగా ఎర్రగీత మాటలు మాత్రమే చెప్పుకుంటూ పోవడం అయిదు నిమిషాల పని, రోజూ చేయించొచ్చు.

నాలుగో వారం అసలు ఆట మొదలవుతుంది. రిహార్సల్‌కి ముందు ఒక పిల్లాడి చెవిలో ఫలానా చోట మాట్లాడొద్దని చెప్పండి. మిగతావాళ్ళకి తెలియదు. ఆ చోటు వచ్చేసరికి గండి పడుతుంది. పూడ్చడానికి మూడు బస్తాలు ముందే నేర్పి ఉంచాలి.

మొదటిది, మరిచిపోయిన పిల్ల ఊపిరి వదిలి, తన పోయిన వాక్యాన్నే ఇంకోసారి అనడం. చాలాసార్లు దాని తోకకే తరవాతి మాట అంటుకుని వచ్చేస్తుంది. రెండోది, పక్కవాడు వేషంలోనే ఉండి అడగడం: "ఏరా, గట్టు దగ్గరికి ఎవరొచ్చారన్నావు?" ఈ ప్రశ్నలోనే జవాబు సగం ఉండాలి. "చెప్పు, చెప్పు" అని గుసగుసలాడితే ఎదుటివాడు ఇంకా బిగుసుకుంటాడు. మూడోది, మూడు క్షణాలు మౌనం దాటితే డప్పు పిల్లాడు దరువు వేయడం, అందరూ పల్లవి అందుకోవడం, అది అయ్యాక తరవాతి రంగంలోకి వెళ్ళిపోవడం. ఒక డైలాగు ఎగిరిపోయిందని చూసేవాళ్ళకి తెలియనే తెలియదు.

రోజుకి రెండు గండ్లు చాలు. అంతకు మించితే పిల్లలకి కథ మీద పట్టు పోతుంది. ఎవరి చెవిలో చెప్పారో ఆ పిల్లల్ని మారుస్తూ ఉండండి. లేకపోతే "వీడెప్పుడూ మరిచిపోతాడు" అన్న పేరు పడుతుంది. బాగా చేసేవాళ్ళకే ముందు ఆ పని ఇవ్వడం తెలివి. క్లాసు ఫస్టు పిల్ల నోరు తెరవకుండా నిలబడితే వెనక బెంచీవాడు ఆమెని గట్టెక్కించాడన్న మాట ఆ వారమంతా బడిలో తిరుగుతుంది. బండూరా చెప్పిన మొదటి రెండు దారులూ ఇక్కడే తెరుచుకుంటాయి. తను చేసి నెగ్గాడు, తనలాంటివాడు నెగ్గడం పక్కవాడు చూశాడు.

ఆట మధ్యలో మాస్టారు గానీ టీచరు గారు గానీ నోరు విప్పకూడదు. ఇది చాలా కష్టం. చేతిలో స్క్రిప్టు ఉంటే నోరు ఊరుకోదు కాబట్టి కాగితం కిటికీలో పెట్టేసి దూరంగా కూర్చోండి.

చూసేవాళ్ళని కూడా మెట్లమెట్లుగా పెంచాలి. ముందు ముగ్గురు స్నేహితులు. రెండు రోజులయ్యాక ఒక తరగతి. తరవాత మధ్యాహ్న భోజనం వండే అమ్మలు. వీళ్ళు నవ్వాల్సిన చోట నవ్వుతారు, బాగోకపోతే ముఖం మీదే చెప్తారు, ఇంతకంటే మంచి ప్రేక్షకులు దొరకరు. ఆఖరి వారం ప్రార్థన సమయంలో బడి మొత్తం ముందు ఒక్క రంగం. నేరుగా అయిదారు వందలమంది ముందు నిలబెడితే ఈత రానివాణ్ణి కాలవలోకి తోసినట్టే.

మైకు, స్టేజీ, పురుగులు

నాటిక పాడయ్యేది ఎక్కువగా మైకు దగ్గరే. మైకు ముందు నిలబడటం పిల్లలకి అలవాటుండదు. మూతికి ఆనించి అరుస్తారు, లేకపోతే దాని వెనక దాక్కుంటారు. వెదురు కర్ర చివర కొబ్బరిపిందె గుచ్చి మూడో వారం నుంచి అదే మైకనుకోమనండి. నోటికీ పిందెకీ మధ్య జానెడు, ఎత్తు గడ్డం దగ్గరికి. 16 అడుగుల స్టేజీకి మూడు మైకులు, అయిదేసి అడుగుల ఎడం. ప్రతి మైకు దగ్గరా సుద్దతో గుండ్రం గీసి, ఆ గుండ్రంలోకి వచ్చాకే మాట్లాడాలన్న నియమం పెడితే తోపులాట తగ్గుతుంది.

మైకు కూత పెట్టిందంటే సౌండు బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి పోతోందని. బాక్సులు మైకుల వరసకంటే ముందుకు, జనం వైపు తిప్పి పెట్టించండి. మైకు సెట్టతను స్టేజీ మీదే ఒక బాక్సు పెడతానంటే ఒప్పుకోవద్దు. చిన్నపిల్లల గొంతుకి సౌండు ఎక్కువ పెట్టాల్సొస్తుంది కాబట్టి కూత వాళ్ళ ఐటమప్పుడే వస్తుంది, భయపడేదీ వాళ్ళే.

స్టేజీ 16 అడుగుల పొడవు, 12 అడుగుల లోతు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే సరి. నల్లమట్టి నేల కాస్త తడిసినా కాలు దిగబడుతుంది. స్టేజీ ప్రతి కోడు కింద ఇటుకో చెక్కముక్కో వేయించి, పదిమంది పెద్దవాళ్ళని ఎక్కించి గెంతించి చూడండి. ఫిబ్రవరి రాత్రి ఎనిమిది దాటితే మంచు దిగుతుంది. స్టేజీ మీద షామియానా ఉండాలి. వైర్ల అతుకులు నేల మీద ఉండకూడదు.

పురుగుల సంగతి బయటివాళ్ళకి తెలియదు. దాళ్వా (రెండో పంట) వరిచేలు చుట్టూ ఉంటే లైటు వేయగానే పచ్చదోమ కమ్ముతుంది. పిల్ల నోరు తెరిస్తే దోమ నోట్లోకి. లైట్లు పిల్లల నెత్తి మీద కాకుండా ఇటూ అటూ పది అడుగుల దూరంలో కర్రలకి కట్టించండి, తెల్లవి కాకుండా పసుపు రంగువి అయితే పురుగు తగ్గుతుంది. గ్రౌండు వెనక మూల తెల్ల లైటు ఒకటి ముందే వేసి ఉంచితే ఎక్కువ భాగం అటు పోతాయి.

వేషాలకి ఖర్చు పెట్టొద్దు. కొబ్బరాకులు, తాటాకులు, గోనెసంచి, ఇంట్లో పాత చీర చాలు. ముఖానికి రంగు వేస్తే ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూడండి. ఎర్రబడితే ఆ పిల్లకి రంగు మానేయండి.

ఆ సాయంత్రం

చేలల్లోంచి, చెరువుల దగ్గర్నుంచి తల్లిదండ్రులు వచ్చేసరికి ఆరవుతుంది. ఆరున్నరకి చిన్న తరగతులవాళ్ళ ఐటం స్టేజీ మీద ఉండాలి. ఉపన్యాసాలు, శాలువాలు ముందు పెట్టుకుంటే పిల్లల వంతు తొమ్మిదికొస్తుంది. అప్పటికి సగం మంది నిద్రలో ఉంటారు, మిగతా సగం ఏడుస్తూ ఉంటారు. అతిథులు ముగ్గురికి మించొద్దు, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, అవీ మధ్యలో. ఎమ్మెల్యే గారు ఆలస్యంగా వస్తే నాటిక అయ్యాక శాలువా కప్పొచ్చు, ఎవరికీ నష్టం లేదు.

అయిదింటికి ఒక్కొక్కరికి రెండు అరటిపళ్ళు, కాస్త ఉప్మా పెట్టండి. కూల్ డ్రింకులు వద్దు. వేషం వేసుకున్నాక బాత్రూముకి పోవడం కష్టం కాబట్టి పావుగంట ముందు అందరినీ పంపించండి, వస్తున్నా రాకపోయినా.

"భయపడకు" అనడం వల్ల ఉపయోగం లేదు. ఆ మాట వింటే భయపడాల్సిందేదో ఉందని గుర్తొస్తుంది. గుండె దడదడలాడుతుంటే పరుగు పందానికి ముందు కూడా ఇలాగే కొట్టుకుంటుందని, ఒళ్ళు సిద్ధమవుతోందని చెప్పండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, అయిదుసార్లు. ఇది రిహార్సల్‌లోనే అలవాటై ఉండాలి, ఆ రోజు కొత్తగా నేర్పితే కంగారు పెరుగుతుంది. ఆఖరి పావుగంట కొత్త సూచనలు ఏవీ ఇవ్వొద్దు, ఎంత మంచివైనా సరే.

ఫోన్లు పట్టుకుని ముందుకొచ్చే నాన్నల కోసం స్టేజీకి పది అడుగుల ముందు తాడు కట్టించండి. ఒక్కరే వీడియో తీసి అందరికీ పంపుతారని మైకులో ముందే చెప్పించండి.

మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దు. అందరికీ ఒకే రకం పెన్నో పుస్తకమో ఇవ్వండి.

మర్నాడు

చాలామంది వదిలేసేది ఈ అరగంటే. నాటిక వేసినవాళ్ళంతా గుండ్రంగా కూర్చోవాలి. ఎక్కడ గండి పడింది, ఎవరు పూడ్చారు, దేనితో పూడ్చారు? ఒక్కొక్కరూ చెప్పాలి. "సూపర్ చేశావు" అన్న మెచ్చుకోలు సాయంత్రానికి ఆవిరైపోతుంది. "వాడు ఆగిపోయినప్పుడు నువ్వు రెండు అడుగులు ముందుకొచ్చి అడిగావు చూడు" అన్నది పిల్ల దగ్గర ఉండిపోతుంది. తరవాత నోటుబుక్కులో మూడు వరసలు రాయించండి: ఇంకేం చేయాలనుంది, దానికి రెండు దారులేంటి, ఎవర్ని అడగాలి. ఆరో తరగతి పిల్ల రాసేది "కబడ్డీ టీములో చేరాలి, పీఈటీ సార్‌ని అడగాలి, లేకపోతే అక్కని తీసుకెళ్ళి అడిగించాలి" అన్నంత చిన్నదైనా సరే.

ఆ రాత్రి నిజంగా మాట పోయి తేరుకోలేకపోయిన పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళని ఓదార్చడంతో ఆపొద్దు, ఇంట్లో చుట్టాలు "మరిచిపోయావంటగా" అంటూ వేళాకోళమాడే లోపే మళ్ళీ జనం ముందు నిలబెట్టాలి. సోమవారం ప్రార్థనలో వార్తలు చదివే వంతు వాళ్ళకి ఇవ్వండి. మూడు వార్తలు, కాగితం చేతిలోనే ఉంటుంది, పక్కన నాటికలో జంటగా నిలబడ్డ స్నేహితుడు ఉంటాడు.